కొత్త టీవీ సరే, దాని పక్కన ఏం పెడదాం?

మన హాస్టల్‌కి హెచ్‌డీ టీవీ కొనివ్వాలని పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటున్న సంగతి ఈ సంచిక చదివే అన్నలకీ తమ్ముళ్ళకీ తెలిసిందే. టీవీ గురించి పెద్ద పేచీ లేదు. నలభై మూడు అంగుళాలదా, యాభై అంగుళాలదా అన్నది వచ్చే చందాలే తేలుస్తాయి. పేచీ అంతా దానికి తగిలించే పెట్టె దగ్గర వచ్చింది. ఒకన్న బ్లూ-రే ప్లేయరు కొందామన్నాడు. ఇంకొకన్న "ఈ రోజుల్లో కూడా డిస్కులేందిరా, నెట్టు పెట్టిస్తే సరిపోదా?" అన్నాడు. మూడో అన్న "మా ఇంట్లో అటక మీద పాత డీవీడీ ప్లేయరుంది, పిల్లలకి అది చాల్లే" అన్నాడు. ముగ్గురూ హాస్టల్ మీద ప్రేమతోనే అన్నారు. అయినా ముగ్గురి మాటా నాకు నచ్చలేదు. చిన్నవాణ్ణి కాబట్టి ఎదురు చెప్పటం బాగుండదేమోనని అక్కడ ఊరుకున్నాను. సంచికకి వ్యాసం అడిగారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తది, మామూలుది, హెచ్‌డీఎంఐ ఉన్న డీవీడీ ప్లేయరు కొనాలి. అది రెండు మూడు వేలలో వస్తుంది. అయితే చవకని కొనమనటం లేదు. ఏ పెద్దమనిషినీ అడక్కుండా, ఎవరి ఫోనూ ముట్టుకోకుండా మన తమ్ముళ్ళు తమంతట తాము నడుపుకోగలిగింది అదొక్కటే అని కొనమంటున్నాను. మిగిలే డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. టీవీ తెర మీద బొమ్మ కూడా మన ఇళ్ళ ముందు వేసే చుక్కల ముగ్గు లాంటిదే. చుక్కలు ఎక్కువైతే ముగ్గు నాజూగ్గా వస్తుంది. వీసీడీలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. అంటే లక్ష పైచిలుకు. మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీలో అడ్డంగా 720, నిలువుగా 576. గుణిస్తే 4,14,720. ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080. గుణిస్తే 20,73,600. కాయితం మీద భాగించి చూడండి, సరిగ్గా ఐదు రెట్లు. (షాపుల్లో 'హెచ్‌డీ రెడీ' అని అట్ట అంటించి అమ్మే చిన్న టీవీల్లో చాలావాటికి 1366, 768 మాత్రమే ఉంటాయి. అంటే పదిన్నర లక్షలు, ఫుల్ హెచ్‌డీలో సగం. కొనేవాళ్ళు ఇది చూసుకోవాలి.)

కాబట్టి డీవీడీ వేసి ఫుల్ హెచ్‌డీ టీవీలో చూస్తే, ఒక చుక్క ఉన్న చోట ఐదు చుక్కలు నింపాలి. మిగతా నాలుగు ఎక్కడినుంచి వస్తాయి? పక్క చుక్కల్ని చూసి, వాటి మధ్య రంగు ఇదై ఉండొచ్చని లెక్కగట్టి యంత్రమే నింపుతుంది. దీన్నే అప్‌స్కేలింగ్ అంటారు. షాపువాళ్ళు దీన్నే గొప్పగా చెప్పి, ఒక రకం ప్లేయరుకి వెయ్యో రెండు వేలో ఎక్కువ అడుగుతారు. '1080పి అప్‌స్కేలింగ్' అని అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో ఉంటుంది. నిజం ఏమిటంటే, ఆ పని ప్లేయరు చెయ్యకపోతే టీవీ చేస్తుంది. హెచ్‌డీ టీవీ ఏదైనా సరే తక్కువ చుక్కల బొమ్మ వస్తే తన తెర నిండేట్టు పెంచుకోక తప్పదు. రెండింటిలో ఏది కొంచెం నున్నగా చేస్తుందన్నదే తేడా. డిస్కులో లేని వివరం మాత్రం ఏ యంత్రమూ పుట్టించలేదు. పెళ్ళిలో ఆఖరి బంతికి జనం ఎక్కువైతే చారులో నీళ్ళు పోస్తారు చూడండి, అట్లాంటిదే ఇదీ. గంగాళం నిండుతుంది, పప్పు మాత్రం ముందు వేసిందే.

ఇక్కడే చాలామంది నిరుత్సాహపడే విషయం ఒకటుంది. కొత్త టీవీ కొన్నాక పాత డిస్కు వేసి చూసి "పాత డబ్బా టీవీలోనే బొమ్మ బాగుండేదే!" అంటారు. వాళ్ళ కళ్ళు మోసం చెయ్యలేదు. చిన్న డబ్బా టీవీ లోపాల్ని దాచేది. పెద్ద తెర వాటిని బయట పెడుతుంది. ముఖ్యంగా సంతల్లో 'ఒక డిస్కులో ఐదు సినిమాలు' అని అమ్మిన దొంగ డిస్కులు. మామూలు డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు, రెండు పొరలదైతే 8.5. అందులో ఒక్క సినిమా పెట్టాల్సిన చోట ఐదు కుక్కితే ఒక్కోదానికి ఒక గిగాబైటు కూడా రాదు. అందుకే ఫైటు వచ్చినా, వాన పడినా, హీరో మొహం మీద చదరాలు చదరాలుగా గళ్ళు కనపడతాయి. ఆ గళ్ళకి ప్లేయరుదీ తప్పు కాదు, టీవీదీ తప్పు కాదు. అసలు డిస్కు వేసి చూశాకే ప్లేయరు బాగోగులు మాట్లాడాలి.

బ్లూ-రే అన్న సంగతికి వద్దాం. బ్లూ-రే గొప్పది, కాదనను. 2006లో అమ్మకానికి వచ్చింది. ఒక పొరలోనే 25 గిగాబైట్లు పడుతుంది. 1920, 1080 చుక్కలూ పూర్తిగా ఉంటాయి. దానికి పోటీగా తోషిబా కంపెనీ హెచ్‌డీ డీవీడీ అని ఇంకొకటి తెచ్చి, 2008 ఫిబ్రవరిలో ఓటమి ఒప్పుకుని మానేసింది. అది కొన్నవాళ్ళ గతి ఏమైందో ఊహించుకోవచ్చు. గెలిచిన బ్లూ-రేకి కూడా ఇప్పుడు మంచి రోజులేమీ కావు. శామ్‌సంగ్ 2019లో అమెరికాకి కొత్త బ్లూ-రే ప్లేయర్లు తేవటం ఆపేసింది. ఎల్‌జీ 2024లో తయారీ మానుకుంది. తెలుగులో బ్లూ-రేగా వచ్చిన సినిమాలు కొద్ది. పాఠాలు, సైన్సు ప్రయోగాలు బ్లూ-రేలో వేసి మనకి ఎవరిస్తారు? వేలు పోసి ప్లేయరు కొని అందులో డీవీడీలే వేసుకుంటాం.

అదీగాక మన హాల్లో కూర్చునే తీరు చూడండి. నేను చదివేది ఎమ్మెస్సీ ఫిజిక్స్ కాబట్టి ఈ లెక్క చెయ్యకుండా ఉండలేకపోయాను. మంచి చూపున్న కన్ను కూడా డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూడలేదు. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు. దాన్ని 1920 భాగాలు చేస్తే ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే ఆ చుక్క విడిగా కనపడదు. అదే తెర మీద డీవీడీ చుక్క అడ్డంగా 1.3 మిల్లీమీటర్లు, నిలువుగా ఒక మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ. పది నుంచి పదిహేను అడుగులు దాటితే అదీ విడిగా కనపడదు. అంటే ఇంట్లో మంచం మీద ఆరడుగుల దూరంలో పడుకుని చూసేవాడికి బ్లూ-రే తేడా తెలుస్తుంది. మన హాల్లో చాపల మీద పది వరసలు కూర్చుంటే మొదటి రెండు మూడు వరసల్లోని చిన్నపిల్లలకి తెలుస్తుంది. వెనక గోడకి ఆనుకుని కూర్చునే పదో తరగతి వాళ్ళకి రెండూ ఒకటే. ఆ డబ్బు పెట్టి తెర పెద్దది కొంటే వెనకవాడికి లాభం. ప్లేయరు ఖరీదుదైతే వెనకవాడికి పైసా లాభం లేదు.

అయితే పాత ప్లేయరే చాలదా? అటక మీది ప్లేయరు మాట తీసుకుందాం. పాతవాటికి వెనక పసుపు, ఎరుపు, తెలుపు రంగు బొడిపెలు ఉంటాయి. ఆ పసుపు రంగు తీగలోంచి రంగు, వెలుగు, గీతలు అన్నీ కలిసి ఒకే తాడు మీద వస్తాయి. టీవీ వాటిని మళ్ళీ విడదీసుకోవాలి. అందుకే ఎర్ర చీర అంచు పక్కకి కారినట్టుంటుంది, చిన్న అక్షరాల చుట్టూ ఇంద్రధనుస్సు మెరుస్తుంది. హెచ్‌డీఎంఐలో బొమ్మ అంకెల రూపంలోనే వెళుతుంది కాబట్టి ఆ గొడవ లేదు, మాట కూడా ఆ తీగలోనే వస్తుంది. పైగా కొత్త టీవీల్లో కొన్నిటికి ఆ మూడు రంగుల బొడిపెలు అసలు ఉండటం లేదు, ఒకే చిన్న రంధ్రం పెట్టి దానికి వేరే తీగ కొనుక్కోమంటున్నారు. హెచ్‌డీఎంఐ తీగ మాత్రం బంగారు పూతదనీ, ఎనిమిది వందలదనీ చెబితే కొనొద్దు. నాలుగడుగుల దూరానికి, డీవీడీ బొమ్మకి మామూలు తీగ చాలు. అంకెలు చేరితే చేరినట్టు, లేకపోతే లేదు. బంగారం పూస్తే రంగు పెరగదు.

అటక మీది ప్లేయరుతో నాకు ఇంకో పేచీ ఉంది, అది తీగల పేచీ కాదు. పాత వస్తువు ఇవ్వటం తప్పని నేననను. నా డిగ్రీ పుస్తకాలన్నీ సీనియర్ అన్నలు వాడి ఇచ్చినవే. ఆ పుస్తకాలు వాళ్ళు నాకు పనికొస్తాయని ఇచ్చారు. ఇంట్లో అడ్డంగా ఉంది, పారెయ్యటానికి మనసొప్పక హాస్టల్‌కిద్దాం అనుకోవటం వేరు. "పిల్లలకి అది చాల్లే" అన్న మాట మనం చిన్నప్పుడు చాలాచోట్ల విన్నాం. చినిగిన దుప్పటి ఇచ్చేటప్పుడు విన్నాం, ముక్కిన బియ్యం ఇచ్చేటప్పుడు విన్నాం. ఆ మాట ఇప్పుడు మన నోటినుంచే రావటం నాకు బాధగా అనిపించింది. అన్న ఏమీ అనుకోవద్దు.

ఇక నెట్టు సంగతి. "ఫోన్లో దొరకంది ఏముంది?" అంటున్నారు. నిజమే, దొరకంది లేదు. కానీ ఆ సినిమా పెట్టే యాప్ తెరవాలంటే ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది? చందా కట్టిన అన్న ఫోనుకి. ఆ అన్న హైదరాబాదులో డ్యూటీలో ఉంటాడు. ఏడో తరగతి పిల్లవాడు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి "అన్నా, నంబరొచ్చిందా?" అని అడగాలి. అడగటానికి వాడి దగ్గర ఫోను ఉండదు. సార్‌ని అడగాలి. సార్ పనిలో ఉంటారు. మూడు నెలలకి రీచార్జి అయిపోతుంది. మొదటిసారి ఎవరో ఒకరు వేస్తారు, రెండోసారి గుర్తుచెయ్యాలి, మూడోసారి గుర్తుచెయ్యటానికి మొహమాటపడతారు. అప్పటితో టీవీకి గుడ్డ కప్పుతారు. నేను శాపం పెట్టడం లేదు. చందా అనేది ఇచ్చినవాడి చేతిలో ఉంటుంది, డిస్కు ఉన్నవాడి చేతిలో ఉంటుంది. తేడా అంతే.

మోజర్ బేర్ పేరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఖాళీ సీడీలు తయారుచేసే ఆ కంపెనీ 2007లో సినిమాల డిస్కుల వ్యాపారంలోకి దిగి వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మింది. అంతకుముందు అసలు డిస్కు కొనటం మన ఇళ్ళల్లో ఊహకందని విషయం. ఆ ధరతో అది కిళ్ళీకొట్లదాకా వచ్చింది. 2018లో ఆ కంపెనీ దివాలా తీసి మూతపడే దాకా వెళ్ళింది. కానీ మా మేనమామ ఇంట్లో ఆ కంపెనీ డిస్కులు ఇరవై దాకా ఉన్నాయి, ఇవాళ వేసినా ఆడతాయి. కంపెనీ మూతపడిందని డిస్కు ఆగిపోలేదు. చందా కట్టే యాప్‌లో అట్లా ఉండదు. హక్కుల గడువు తీరితే రాత్రికి రాత్రి సినిమా మాయమవుతుంది. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ మొదలైందే డీవీడీలు పోస్టులో పంపే వ్యాపారంతో. 2023 సెప్టెంబరులో ఆ పోస్టు వ్యాపారం మానేసింది. అయినా అక్కడి గ్రంథాలయాల్లో ఇప్పటికీ డీవీడీలు పుస్తకాల్లాగే అరువిస్తారు. మన హాస్టల్ లైబ్రరీ బీరువాలో ఒక అర డిస్కులకి కేటాయిస్తే మనకీ అదే సదుపాయం.

తెలుగులో కొత్త సినిమాల డీవీడీలు రావటం దాదాపు ఆగిపోయిందన్నది నిజం. దీనికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. కొత్త సినిమా కోసం ఈ టీవీ కొనటం లేదని మాత్రం అంటాను. కొత్త సినిమా తమ్ముళ్ళు ఎట్లాగైనా చూస్తారు, మనం చూపించక్కర్లేదు.

అయితే దేనికోసం కొంటున్నాం? నా దృష్టిలో 'పాజ్' అనే బొత్తాం కోసం కొంటున్నాం.

ఇది నవ్వులాటకి అనటం లేదు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా నాన్న మిరపకోతలకి వెళతాడు, అమ్మ కూడా. సాయంత్రం ఇంటికొస్తే పాఠం అడగటానికి మనిషి లేడు. క్లాసులో సార్ ఒకసారి చెబుతారు. అర్థంకాకపోతే లేచి "మళ్ళీ చెప్పండి సార్" అనటానికి గుండె కావాలి. పదిమందిలో తొమ్మిదిమందికి అర్థమైనట్టు కనపడితే పదోవాడు లేవడు. హాస్టల్ పిల్లల్లో ఆ పదోవాళ్ళు ఎక్కువ. 2020లో కరోనాకి బడులు మూసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వచ్చాయి. మా చెల్లి చూసేది. మంచి పాఠాలు. కానీ టీవీ పాఠం వినుకొండ స్టేషన్‌లో రైలుబండి లాంటిది, మనకోసం ఆగదు. కరెంటు పోయి వచ్చేలోపు త్రిభుజాల సిద్ధాంతం సగం అయిపోయేది. మా చెల్లి నోటుపుస్తకంలో సగం సగం నిరూపణలు ఎన్నో ఉన్నాయి. ఆమెకి తెలివి తక్కువై కాదు. పాఠాన్ని ఆపే బొత్తాం ఆమె చేతిలో లేదు, అంతే.

డిస్కులో గానీ, పెన్‌డ్రైవ్‌లో గానీ పాఠం ఉంటే ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, నాలుగోసారి వినొచ్చు. యంత్రం విసుక్కోదు, ఎవడి పేరూ పెట్టి పిలవదు. గుండె ఆపరేషన్ బొమ్మ దగ్గర ఆపి, పుస్తకంలో పటం పక్కన పెట్టుకుని గదుల పేర్లు రాసుకోవచ్చు. ఇది రాష్ట్రంలో కొత్త ఆలోచనేమీ కాదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇచ్చారు, తర్వాత బడుల్లో పెద్ద తెరలూ పెట్టారు. కానీ బడి గంట కొట్టాక ఆ తెర ఉన్న గదికి తాళం పడుతుంది. హాస్టల్ పిల్లవాడికి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఉన్న సమయం ఖాళీగా పోతోంది. ఆ మూడు గంటల కోసం ఈ టీవీ.

రెండోది, మాటల అక్షరాలు. డీవీడీలో ఎనిమిది భాషల దాకా మాట, 32 రకాల దాకా సబ్‌టైటిల్స్ పట్టే ఏర్పాటుంది. మన సినిమాల డీవీడీలు విదేశాల్లో ఉన్నవాళ్ళని కూడా దృష్టిలో పెట్టుకుని వేసేవాళ్ళు కాబట్టి చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి. మాయాబజార్ తీసుకోండి. 1957లో వచ్చిన సినిమా, 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. మాటలన్నీ మనకి నోటికి వస్తాయి. ఘటోత్కచుడి పరివారం మాట్లాడే వింత తెలుగుని ఇంగ్లీషులో ఏమని రాశారో చూడటానికైనా పిల్లలు కింద అక్షరాలు చదువుతారు. చదవగా చదవగా ఇంగ్లీషంటే భయం పోతుంది. అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారీ అనే ఆయన 1996లో ఇట్లాంటి ఆలోచనే మొదలుపెట్టారు. పాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే కింద అక్షరాలు వేస్తే, చదవటం సరిగా రానివాళ్ళకి చదువు అలవాటవుతుందని. దూరదర్శన్‌లో చిత్రహార్ పాటలకి అట్లాగే వేయించారు. మన ఆరో తరగతిలో కూడా గుణింతాలు తడబడే పిల్లలున్నారు. వాళ్ళని అందరిముందూ నిలబెట్టి చదివించే కంటే ఇది మర్యాదైన పద్ధతి. జబ్బార్ పటేల్ దర్శకత్వంలో 2000లో వచ్చిన అంబేద్కర్ సినిమా మొదట ఇంగ్లీషులో తీసిందే. మమ్ముట్టి ఆ పాత్రకి జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. ప్రతి ఏప్రిల్ 14కి దండ వేసి ఉపన్యాసాలు విన్నాక, ఆ సినిమా రోజుకి అరగంట చొప్పున ఆపి ఆపి చూస్తే ఆయన చదువు, లండన్ రోజులు, మహద్ చెరువు అన్నీ తెలుస్తాయి.

పాత సినిమాలన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. మన పల్నాటి యుద్ధం సినిమా రెండుసార్లు వచ్చింది, 1947లో ఒకటి, 1966లో ఒకటి. మొదటిదాన్ని మొదలుపెట్టింది, 1938లోనే మాలపిల్ల తీసిన గూడవల్లి రామబ్రహ్మం. ఆయన మధ్యలో చనిపోతే ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు. ఆ కాలపు బొమ్మ నాలుగు పాళ్ళ వెడల్పుకి మూడు పాళ్ళ ఎత్తు. ఇప్పటి టీవీ పదహారుకి తొమ్మిది. టీవీ తనంతట తాను సాగదీస్తే బ్రహ్మనాయుడు, కన్నమదాసు అందరి మొహాలూ బూరెల్లా ఉబ్బుతాయి. ప్లేయరు మెనూలో తెర ఆకారం 16:9 అని పెట్టి, పాత సినిమా వేసినప్పుడు టీవీ రిమోట్‌లో 4:3 నొక్కితే రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చి మనుషులు మనుషుల్లా ఉంటారు. "తెర నిండలేదేంది" అని ఎవరో ఒకరు గొణుగుతారు. గొణగనివ్వండి. (చాపకూడు కథ పుట్టిన సీమలో, ఒకే బంతిన కూర్చుని తినే హాస్టల్‌లో ఆ సినిమా చూడటం బాగుంటుందని నాకో సరదా.)

కొనేటప్పుడు షాపులోనే చూసుకోవాల్సినవి నాలుగు మాటల్లో చెబుతాను. డిస్కులకి ప్రాంతాల నంబర్లుంటాయి. మనది 5, అమెరికా 1, గల్ఫ్ దేశాలు 2. అక్కడున్న మన అన్నలు డిస్కులు తెచ్చిస్తే ఆడాలంటే అన్ని ప్రాంతాలవీ తీసుకునే ప్లేయరు కావాలి. అమెరికా డిస్కులు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, మనవి పాల్. రెండూ ఆడాలి. సొంత డిస్కు ఒకటి సంచిలో వేసుకెళ్ళి వేయించి చూడటం మేలు.

పెన్‌డ్రైవ్ దగ్గర చాలామంది మోసపోతారు. ప్లేయరు ముందు యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది కదా, ఫోన్లోంచి దించిన పాఠం అందులో పెడితే ఆడదు. కారణం, ఫోన్లో ఉండే ఎంపీ4 పాఠాలు ఎక్కువగా హెచ్.264 అనే పద్ధతిలో కుదించినవి. మామూలు డీవీడీ ప్లేయర్లు పాత పద్ధతులు, ఎంపెగ్-2, డివ్‌ఎక్స్ లాంటివే చదవగలవు. ప్లేయరు పాడైందనుకుని రిపేరుకి తీసుకెళ్ళొద్దు. అదే పెన్‌డ్రైవ్ టీవీకున్న రంధ్రంలో పెట్టండి, చాలా హెచ్‌డీ టీవీలు ఎంపీ4 చక్కగా ఆడిస్తాయి. పెన్‌డ్రైవ్‌ని ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చెయ్యాలి. అందులో ఒక్కో ఫైలు నాలుగు గిగాబైట్లు దాటకూడదు. 32 గిగాబైట్లది రెండు కొంటే సరిపోతుంది. ఇంట్లో రాసుకున్న డిస్కులు ఎండ తగిలితే పాడవుతాయి కాబట్టి వాటికి పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు ఉంచుకోవాలి. డిస్కు తుడిచేటప్పుడు గుండ్రంగా కాదు, మధ్యనుంచి అంచుకి నిలువుగా తుడవాలి.

మిగిలిన డబ్బు శబ్దానికి పెట్టాలి. ఇది ఎవరూ అనుకోని సంగతి. పలచటి టీవీల స్పీకర్లు వెనక్కో కిందకో తిరిగి ఉంటాయి. నాలుగు ఫ్యాన్లు తిరుగుతుంటే మూడో వరసకి మాట వినపడదు. వినపడకపోతే అల్లరి మొదలవుతుంది, అల్లరైతే సార్ టీవీ కట్టేస్తారు. ప్లేయరు వెనక ఎరుపు, తెలుపు బొడిపెలనుంచి ఆగస్టు 15కి పెట్టే మైకు సెట్టులాంటి చిన్న ఆంప్లిఫయరుకి కలిపి రెండు స్పీకర్లు గోడకి తగిలిస్తే చివరి వరసదాకా వినపడుతుంది. ప్లేయరు మెనూలో 5.1 తీసేసి స్టీరియో పెట్టాలి. లేకపోతే పాటలు హోరెత్తి మాటలు మాత్రం గుసగుసల్లా వస్తాయి. ఎందుకంటే ఆ అమరికలో మాటలన్నీ మనకి లేని మధ్య స్పీకరుకి వెళతాయి. ఒక స్టెబిలైజరు కూడా కావాలి. ఉరుములొస్తే ప్లగ్గు పీకెయ్యాలి, అది డబ్బు పని కాదు.

చివరిగా తాళం. టీవీకి చెక్క పెట్టె చేయిస్తామన్నారు, మంచిదే. తాళంచెవి ఆఫీసు గదిలో ఒకటి, పదో తరగతి లీడరు దగ్గర ఒకటి ఉండాలని నేను సార్‌ని కోరుతున్నాను. పగలగొడతారన్న భయం అక్కర్లేదు. 2014 సంక్రాంతికి ముందు ఒకన్న ఇంటినుంచి ప్లేయరు తెచ్చి పెట్టినప్పుడు, దాన్ని తుడవటానికి మేం ఏడో తరగతి వాళ్ళం వంతులు వేసుకున్నాం. ఒక్కరోజు కోసం వచ్చిన దాన్నే అట్లా చూసుకున్నవాళ్ళం, సొంతదాన్ని చూసుకోలేమా? రిమోట్ కూడా పెట్టెలోనే కట్టి ఉంచితే పోదు. అందులో వేసే పెన్సిల్ సెల్లులు ఏడాదికి సరిపడా నేను తెచ్చిస్తాను, ఆ లెక్క చందాలో కలపొద్దు.

— ఒక పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (ఫిజిక్స్)